నవలలో లేని పగలు

పూరీ గేట్, ఖరగ్‌పూర్
జూన్ 8, 2025

మావయ్యా,

నమస్కారం. "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెట్టమని అమ్మ నా వెనక నిలబడి చెబుతోంది. రాయను. నాన్న మోకాలు వాచిపోయింది, ముందుగదిలో ఫ్యాను తిరగడం మానేసింది, రోజూ పేపరు తెరిస్తే ఎక్కడో ఒకచోట యుద్ధం. దీన్ని క్షేమం అనడానికి నాకు చెయ్యి రాదు. "ఏటి పొగరురా నీకు, అచ్చం మీ మావయ్యే" అంటోంది అమ్మ. అదీ రాశాను.

నీకు ఫోనులో మాట వినపడదు. నీ డబ్బా ఫోనులో తెలుగు కనబడదు. అందుకని ఈ కాలంలో కూడా స్పీడు పోస్టు. పోస్టాఫీసులో దాదా ప్రేమలేఖా అని అడుగుతాడు. మా మేనమామకి అంటే నమ్మడు.

సంగతేమిటంటే, మన తెలుగు లైబ్రరీ హాల్లో ప్రతి ఆదివారం సాయంత్రం నేను నవల చదివి వినిపిస్తున్నాను. ఇక్కడ మా ఈడువాళ్ళకి తెలుగు నోటికి వస్తుంది గాని కంటికి రాదు. బళ్ళో అంతా బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు. నేనైనా నాన్న దాచిన యూనియన్ కరపత్రాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణే. ఇక్కడి ఐఐటీలో చదవడానికి వరంగల్ నుంచి వచ్చిన ప్రణవి అని ఒకమ్మాయి ఉంది. నేను టీ అడిగినా డిమాండ్ చేస్తున్నట్టే ఉంటుందని వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ. ముప్పై మంది వస్తున్నారు. బెంచీలు చాలక రైల్వే గార్డుగా చేసిన బుచ్చిబాబు గారు ఇంటి నుంచి మడతకుర్చీ తెచ్చుకుంటున్నారు.

ఇప్పుడు చదువుతున్నది ఒక యుద్ధ నవల. పాత తర్జుమా. అట్టా మొదటి పేజీలూ ఊడిపోయాయి, ఎవరు రాశారో ఏ దేశమో తెలియదు. తెలియకపోవడమే మంచిది. అన్ని దేశాల్లోనూ తల్లుల కొడుకులే కదా చచ్చేది! మావయ్యా, యుద్ధం గురించి నిజం చెప్పేది నవల ఒక్కటే. ప్రభుత్వాలు చెప్పవు, టీవీలు చెప్పవు, మీలాంటి మాజీ సైనికులు అసలే చెప్పరు. అందులో ఒక సైనికుడు చనిపోయే అధ్యాయం జెరాక్సు తీసి పంపుతున్నాను. చదివి నీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు, నిజమా కాదా?

నీ చెవులు ఎలా పోయాయో ఒక్కసారైనా నోరు విప్పావా? పింఛను తీసుకుని జీడితోటలో దాక్కున్నావు. మౌనం కూడా ఊడిగమే. ఇంకో మాట. నువ్వు ఖరగ్‌పూర్ వచ్చి ఎన్నేళ్ళయింది? మా నాయనమ్మ కర్మకి కూడా రాలేదు. అమ్మ ఏమీ అనదు గాని ప్రతి దసరాకీ నీ కోసం చాప దులుపుతుంది. సోంపేట నుంచి ఒక్క రాత్రి బండి. మా క్వార్టరు మరీ అంత చిన్నదా నీకు?

కోపంగా రాశాను. కోపంగానే చదువుకో.

భాను

*

సోంపేట
జూన్ 17

ఒరే భానూ,

ఆశీస్సులు. నాన్న మోకాలికి వేడి ఇసక మూట కాపడం పెట్టమను. ఫ్యాను నువ్వు బాగుచెయ్యి, ప్రపంచం తరవాత.

జెరాక్సు రెండుసార్లు చదివాను. మీ వాసంతి అత్త కూడా చదివి కళ్ళు తుడుచుకుంది. బాగా రాశాడు, కాదనను. కాని వాడు చచ్చిపోవడానికి నాలుగు పేజీలు పట్టింది, ఆ నాలుగు పేజీలూ మాట్లాడుతూనే ఉన్నాడు. దేశం గురించి, దేవుడి గురించి, గోధుమచేల గురించి. కడుపులో ఇనప ముక్క దిగినవాడికి అంత ఊపిరి ఉండదురా.

నవలల్లో సైనికుడికి రెండే పనులు. చంపడం, ఏడవడం. మేం చేసిందల్లా మొయ్యడం. నీళ్ళు మోశాం, కిరసనాయిలు మోశాం, ఒకళ్ళనొకళ్ళు మోసుకున్నాం. తడిసిన మేజోళ్ళ లోపల కాలి వేళ్ళు ఏమవుతాయో నీ నవలలో ఒక్క ముక్క లేదు. మిగిలినవాడు ఇంటికి వెళ్ళేసరికి పుస్తకం అయిపోతుంది. కుక్కర్ విజిల్ వినపడక అన్నం మాడబెట్టి, తన మీద తనే కసురుకునేవాడి గురించి ఎవడు రాస్తాడు? రాస్తే ఎవడు కొంటాడు?

అడిగావు కాబట్టి ఒక్కటి చెబుతాను. పేరు చెప్పను, అడగకు.

మా సెక్షన్‌లో ఒకడు ఉండేవాడు. అందరి గుండీలూ వాడే కుట్టేవాడు. కుట్టడం అందరికీ వచ్చు. వాడు మాత్రం గుండీ వెనకవైపు బటాణీ గింజంత గుడ్డముక్క పెట్టి, దాన్ని కూడా కలిపి కుట్టేవాడు. చొక్కా చిరిగినా ఆ గుండీ ఊడేది కాదు. అయ్యాక దారం పంటితో కొరికి, సూది టోపీ మడతలో గుచ్చుకునేవాడు.

ఒకరోజు పొద్దున్న టీ తాగుతుంటే మా పోస్టు మీద గుండు పడింది. వాడికి కడుపులో తగిలింది. నాకు చెవులు పోయాయి. కొండంతా పొగమంచు, హెలికాప్టరు రాలేని రోజు. దించుకుపోదామంటే దారి మీద ఇంకా గుళ్ళు పడుతున్నాయి. దీపాలు పెట్టే వేళ దాకా ఉన్నాడు. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. టోపీ తీస్తుంటే ఆ సూది నా అరచేతిలో దిగింది. దాహమని సైగ చేశాడు. కడుపులో గాయమైనవాడికి నీళ్ళు పట్టకూడదు, పెదాలు తడిపాను. ఒకసారి నవ్వినట్టు కూడా ఉన్నాడు. మిగతా పగలంతా మేం చేసింది దుప్పటి సర్దడం. భుజాలు కప్పితే పాదాలు బయటపడేవి, పాదాలు కప్పితే భుజాలు.

అంతేరా. గోధుమచేలు లేవు.

మీ క్వార్టరు చిన్నదని నేను ఎప్పుడూ అనుకోలేదు. అక్కకి చెప్పు.

మోహనకృష్ణ

*

పూరీ గేట్
జూన్ 29

మావయ్యా!

ఈ ఆదివారం ఏం జరిగిందో నువ్వు చూసి ఉండాల్సింది.

నువ్వు వెక్కిరించిన ఆ నాలుగు పేజీలూ నేను చదవలేదు. కొట్టేశాను. చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని, కళ్ళు పేజీ మీదే ఉంచి, నీ సైనికుడి సంగతి చెప్పాను. పొగమంచు, గుండీలు, టోపీలో సూది, చాలని దుప్పటి, అన్నీ. నవలలోదే అనుకున్నారు అందరూ. చివర్లో యుద్ధోన్మాదం మీద నావి కూడా నాలుగు వాక్యాలు కలిపాను, తప్పలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. బుచ్చిబాబు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇదిరా బుక్కంటే! అవతలోడు ఎవడోగాని సూసినోడు రాసినాడు" అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. నువ్వు నవలలని తిట్టావుగాని, నీ మాట నవల అయ్యాకే ముప్పై మందికి చేరింది. ఒప్పుకో.

ఒక్కరు మాత్రం మధ్యలో లేచి వెళ్ళిపోయారు. మా పక్క పేట ఖరిదాలో జాకెట్లు కుట్టే సత్యవాణి పిన్నిగారు. చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది, అవి ఇంకా హాలు గుమ్మంలోనే ఉన్నాయి. ఆవిడ కొడుకు కూడా మిలిటరీలోనే పోయాడు, నా చిన్నప్పుడు. చూడు, అసలు వినాల్సినవాళ్ళే వినరు! ఫొటోకి దండ వేసి, జెండా పండగనాడు శాలువా కప్పించుకుంటే వాళ్ళకి చాలు. నిజం చెవిన పడితే లేచిపోతారు. వచ్చే ఆదివారం ఈ విషయం మీదే మాట్లాడదామనుకుంటున్నాను.

ఇంకా ఇలాంటివి ఉంటే రాసి పంపు. వెంటనే.

భాను

*

సోంపేట
జూలై 5

భానూ,

వచ్చే ఆదివారం నువ్వు ఏమీ మాట్లాడవు. హాలు తెరవకు.

ఆవిడ కొడుకు పేరు ప్రశాంత్. నేను చెప్పనన్న పేరు అదే. మీ ఊరు రానిదీ అందుకే. ఖరిదాకీ మీ ఇంటికీ మధ్య ఎంత దూరమో నాకు తెలుసు.

నేను ఆసుపత్రిలో ఉండగా వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళారు. వెంట వెళ్ళిన జవాను తల్లికి ఏం చెప్పాడో తెలుసా? "క్షణంలో పోయాడమ్మా, నొప్పి తెలీలేదు" అని. ఎవరు వెళ్ళినా ఎవరింట్లోనైనా అదే చెప్పేవాళ్ళం. అది మా పద్ధతి. నేను వెళ్ళినా అదే చెప్పేవాణ్ణి. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ మాట మీద బతికింది. నువ్వు ఒక్క సాయంత్రంలో దాన్ని లాగేశావు, పైగా చప్పట్లు కూడా కొట్టించుకున్నావు.

నీ సొంత బుర్రలోంచి పుట్టించానని చెప్పు. ఊహించానని చెప్పు. కాళ్ళు పట్టుకుని చెప్పు. ఆ చెప్పులు తీసుకెళ్ళి ఇచ్చి మరీ చెప్పు.

మోహనకృష్ణ

*

పూరీ గేట్
జూలై 13

మావయ్యా,

నీ ఉత్తరం అందేలోగానే ఆవిడ మా ఇంటికి వచ్చింది. అది ముందు చెప్పాలి.

పుస్తకం అడిగింది. చదవడం రాదుగా, ఎందుకో అనుకుంటూ ఇచ్చాను. ఆవిడ దాన్ని చీరకొంగులో చుట్టుకుని, రిక్షా ఎక్కి, ఐఐటీ గేటు దగ్గరికి వెళ్ళి ప్రణవిని పిలిపించిందట. ఆ అమ్మాయి చేత ఆ అధ్యాయం, దాని ముందుదీ, తరవాతదీ, మొత్తం చదివించుకుంది. రెండు సాయంత్రాలు పట్టింది. తరవాత ప్రణవి నాకు ఫోను చేసి అరిచింది. "అందులో గుండీలు ఎక్కడున్నాయి? గోధుమచేలే ఉన్నాయి! నువ్వు పుస్తకం చదువుతున్నావా, కథలు చెబుతున్నావా?" నేను ఫోను పెట్టేశాను. ఆ మర్నాడే నీ ఉత్తరం. రెండుసార్లు చదివాక నేనేం చేశానో తెలిసింది. ఆవిడ గురించి నీకు ఏమేం రాశానో కూడా గుర్తొచ్చింది.

చెప్పులు తీసుకుని ఖరిదా వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే చెప్పాను. "పిన్నిగారూ, అదంతా నా ఊహ. పుస్తకంలో లేదు. కల్పించి చెప్పినాను, నన్ను కొట్టండి" అన్నాను. మిషను ఆపలేదు ఆవిడ. జాకెట్టు చెయ్యి అతకడం పూర్తయ్యేదాకా కుట్టింది. తరవాత నా వైపు తిరిగి నా చొక్కా చూసింది.

"నీ సొక్కాకి రెండో గుండీ నేదు."

"అవునండి."

"ఎన్నాళ్ళయినాది ఊడి?"

"తెలీదండి."

"సొంత గుండీ సంగతి తెలీనోడివి, గుండీ ఎనకాల గుడ్డముక్క ఎట్టాలని ఊయించినావా నాయనా? ఆ కుట్టు నాది. మా మావగారు గార్డు కోటు ఏసుకునీవోరు, ఆ గుండీలు నిలబడక నాను కనిపెట్టిన కుట్టది. నా కొడుక్కి తప్ప ఎవులికీ నేర్పనేదు. మరి నీకెవులు సెప్పినారు?"

నేను జీవితంలో ఎన్ని నినాదాలు ఇచ్చానో! ఆవిడ ముందు ఒక్క అబద్ధం నిలబెట్టుకోలేకపోయాను. ఏడ్చాను. అప్పుడు నీ పేరు చెప్పేశాను. చెవుల సంగతీ చెప్పాను.

ఆవిడ కుప్పకూలిపోతుందనుకున్నాను. నువ్వూ అదే అనుకుంటున్నావు కదా? కాదు మావయ్యా. ఆవిడకి కోపం వచ్చింది. లోపలి నుంచి మరిగి వచ్చిన కోపం. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"టీ తాగతన్నాడు, పోనాడు, అంతే అన్నారు. పెట్టె మూత తియ్యనీనేదు. ఎదవ పేలుడులో ఒక్కడూ ముక్కలైపోనాడని ఇన్నేళ్ళూ అదే కల్లోకొస్తాది నాకు. సాయంత్రందాకా ఉన్నాడా? ఒకరి ఒళ్ళో తలెట్టుకున్నాడా? నవ్వినాడా? అయితే నా కొడుకు బతికిన పగలు ఒకటి మీకాడ ఉండిపోనాది. కన్నది నాను. అది మీరెలాగ దాసుకున్నారు? నాది నాకిచ్చీయమను మీ మావయ్యని."

నేను ఇంకేమీ కలపలేదు. ఏం చెయ్యమంటావు?

భాను

*

సోంపేట
జూలై 21

ఒరే భానూ,

నీ ఉత్తరం జీడితోటలోకి తీసుకెళ్ళి చదివాను. ఆ తరవాత మూడు రోజులు అన్నం కూడా తోటలోనే తిన్నాను. నీ అత్తకి అలవాటే. నీకు రాసినంత కూడా ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు.

సత్యవాణమ్మగారికి ఇవ్వననడానికి నేనెవణ్ణి? కాని అక్కడికి వచ్చి కూర్చుంటే ఆవిడ అడిగే మొదటి మాట ఏమిటో చెప్పనా? "నా కొడుకు ఏమన్నాడు?" అని. ఏ తల్లి అయినా అదే అడుగుతుంది.

భానూ, వాడు మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. నా మొహంలోకి చూస్తూనే మాట్లాడాడు. నాకు పెదాలు కదలడం కనిపించింది, అంతే. అప్పటికే నా చెవుల్లోంచి రక్తం కారుతోంది. వాడికి ఆ సంగతి తెలియదు. వింటున్నాననుకున్నాడు. నేను తల ఊపుతూ కూర్చున్నాను. మా సెక్షన్‌లో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. దుప్పటి పట్టుకున్న మిగతా ఇద్దరూ గఢ్వాల్ కుర్రాళ్ళు, వాళ్ళకి ముక్క అర్థం కాలేదు.

నవల రాసినవాడికి నాలుగు పేజీలు దొరికాయి. పక్కనే ఉన్నవాడికి ఒక్క మాట దొరకలేదు. నీ జెరాక్సు చదివి వెక్కిరించానే, అదంతా అసూయరా.

ఇప్పుడు చెప్పు. రెండు మంచి మాటలు కల్పించి ఇవ్వనా? "అమ్మని అడిగానని చెప్పు అన్నాడు" అంటే సరిపోతుందా? కల్పించడం నీకు తెలిసిన విద్యే కదా. నేర్పు.

మోహనకృష్ణ

*

పూరీ గేట్
జూలై 28

మావయ్యా,

తిట్టావు. పడ్డాను. పడాల్సిందే.

కల్పించొద్దు. నేను అబద్ధంతో వెళితే ఆవిడ నా చొక్కా చూసి పట్టేసింది. నువ్వు ఎంత పెద్ద చొక్కా వేసుకొచ్చినా పట్టేస్తుంది. విననిది వినలేదనే చెప్పు. రా.

ఎలా అంటావా? ఆవిడకి రాయడం రాదు, నీకు వినపడదు. నువ్వు నోటితో చెబితే ఆవిడ వింటుంది. ఆవిడ అడిగితే నేను కాగితం మీద రాసి నీ ముందు పెడతాను. ఆవిడ నోట్లోంచి ఎలా వస్తే అలా. యుద్ధం, శాంతి, ప్రభుత్వం అనే మాటలు ఆవిడ అంటే తప్ప నా కలంలోంచి రావు. మధ్యలో నేను ఏడవను కూడా. ప్రణవి గుమ్మంలో కూర్చుంటానంది, నేను ఏదైనా కలిపితే అక్కడికక్కడే అరుస్తానంది. ఆవిడకి చెప్పాను. "ఠీక్ ఆఛే, రమ్మను. పులుసు కారంగా తింటాడేటి?" అంది.

చదివింపులు ఆపేశాను. హాలుకి వచ్చినవాళ్ళ ముందు నిలబడి, ఆ రోజు నేను చదివింది పుస్తకంలో లేదని చెప్పాను. ఎవరిదో మాత్రం చెప్పలేదు. బుచ్చిబాబు గారు మడతకుర్చీ మడిచి పట్టుకుని వెళ్ళిపోయారు.

అమ్మకి నువ్వు వస్తున్నావని ఇంకా చెప్పలేదు. రాకపోతే తట్టుకోలేదు. టికెట్టు తీశాక రాయి.

భాను

*

సోంపేట
ఆగస్టు 19

ఒరే భానూ,

క్షేమంగా చేరాను. అక్క కట్టిచ్చిన పులిహోర బరంపురం రాకుండానే అయిపోయింది. మీ నాన్న మోకాలు బాగానే ఉంది, కుంటడం ఆపమను.

నువ్వు రాసిన కాగితాలన్నీ నా సంచిలోనే ఉన్నాయి. మీ అత్తకి తెలియకుండా చదువుతున్నాను. "దుప్పటి ఏ రంగు?" "ఎండ అస్సలు రానేదా?" "సూది గుచ్చుకున్న సెయ్యి ఏదీ?" "నవ్వినాడన్నావు. పళ్ళు కనబడినాయా?" "గడ్డం తీసుకున్నాడా ఆవేళ?" ఇన్ని యుద్ధ నవలలు రాశారు, ఒక్కడికైనా ఈ ప్రశ్నలు తట్టాయా? దుప్పటి రంగు చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో చూశావుగా. చెప్పాక మాత్రం ఆ కొండ మీద నేను అంతవరకు చూడనివి కూడా కనబడ్డాయి. గడ్డం తీసుకున్నాడు. చెంప మీద సబ్బు మరక ఉండిపోయింది. ఇన్నేళ్ళలో అది నాకు ఒక్కసారీ గుర్తు రాలేదు.

నువ్వు బాగా రాశావు. ఒక్క నినాదం లేదు. కాని ఒకటి అడగాలి.

నేను భయపడిన ప్రశ్న రాలేదు. మొదట అడుగుతుందనుకున్నాను, చివర అడుగుతుందనుకున్నాను. అడగలేదు. చివర్లో మాత్రం ఆవిడ నన్ను చూస్తూ ఏదో అంది. పెదాలు చూశాను. నువ్వు కలం కింద పెట్టేశావు. ఆ కాగితం ఖాళీగా ఉంది. అది ఆ ప్రశ్నేనా? నా మీద జాలిపడి రాయలేదా? జాలి కూడా కలపడమే. ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నావు.

మోహనకృష్ణ

*

పూరీ గేట్
ఆగస్టు 26

మావయ్యా,

నమస్కారం. అమ్మ నీ చాప ఇంకా ఎత్తలేదు.

నేను మాట తప్పలేదు. నువ్వు భయపడిన ప్రశ్న ఆవిడ అడగలేదు. అడగదల్చుకోలేదు. నిన్ను బండెక్కించి వస్తూ ఖరిదాలో ఆగి, ఎందుకు అడగలేదని నేనే ఆవిడని అడిగాను. "సెవులు పోనోడిని, ఆడేటన్నాడని అడగనా? నా కొడుకు సెప్పుకున్నాడు గదా, ఒకడు తలూపినాడు గదా. ఆడికది సాలు" అంది. అంతకంటే నేను ఏమీ పొడిగించలేదు.

కలం కింద పెట్టింది వేరే మాటకి. ఆవిడ నిన్ను చూస్తూనే అంది గాని, అడిగింది నన్ను. నిన్ను అడిగినవే నేను రాయాలి కదా. అందుకే రాయలేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఇదిగో, ఆవిడ అన్నది:

"పాపం, ఎంతసేపు మాటాడినాడో సూడు. ఇతగానికి ఇంటికాడ ఇలగ ఎదురుగా కూకుని ఇనీవోలు ఎవులైనా ఉన్నారేటి?"

నేను నీ మేనల్లుణ్ణి. ఇన్నేళ్ళుగా నీకు ఉత్తరాలు రాస్తున్నవాణ్ణి. నాకు జవాబు తెలియలేదు.

ఆవిడ ఊరుకునే మనిషి కాదు, ఆదివారం నేను ఖరిదా వెళితే మళ్ళీ అడుగుతుంది. అందుకని ఈ ఉత్తరం మీద నీ పేరు రాయలేదు, వాసంతి అత్త పేరు రాశాను. ముందు తనే విప్పుతుంది. తను చదివి వినిపిస్తున్నట్టు పెదాలు కదిపితే, నువ్వు తల ఊపి ఊరుకోకు.

భాను